నమూనా ‘సి’కి నేను వేసిన మార్కులు

ఉద్యోగ విరమణకు ఇంకా పద్నాలుగు నెలలు ఉండగా, ఒక ఏప్రిల్ మొదటి వారంలో నన్ను ఎర్రగుంట్ల నుంచి కర్నూలుకు బదిలీ చేశారు. హోదా అదే, డివిజనల్ ఇంజినీరు. ఎర్రగుంట్లలో నా పని సిమెంటు ఫ్యాక్టరీల హైటెన్షన్ మీటర్లు చూడటం. కర్నూలులో నా పని ఏమిటో మొదటి మూడు రోజులు ఎవరూ చెప్పలేదు. నాలుగో రోజు మా పై అధికారి, సూపరింటెండింగ్ ఇంజినీరు గారు పిలిచి ఒక అట్టపెట్టె చూపించారు. అందులో నాలుగు ఆండ్రాయిడ్ ఫోన్లు ఉన్నాయి. లైన్‌మన్లకూ సబ్‌స్టేషన్ ఆపరేటర్లకూ మా విద్యుత్ సంస్థ ఒకే రకం ఫోన్ ఇవ్వబోతోందట. ఏది ఇవ్వాలో తేల్చే ముగ్గురు సభ్యుల కమిటీకి నేను కన్వీనర్‌నట.

నా సర్వీసంతా ట్రాన్స్‌ఫార్మర్లు, ఇన్సులేటర్లు, తీగలు పరీక్షించాను గానీ ఫోన్ పరీక్షించిన పాపాన పోలేదు. అప్పటికి నేను వాడుతున్నది మా అమ్మాయి వద్దనుకుని పారేసిన ఫోన్. ఆ సంగతి దాచకుండా చెప్పాను. "అయితే మీకు ఏ కంపెనీ మీదా అభిమానం ఉండదు, మంచిదే" అన్నారాయన.

కంపెనీ పేర్లు కనపడకుండా నల్ల టేపు అంటించి ఎ, బి, సి, డి అని రాశాం. ఇలాంటి పరీక్షకు మొదట పట్టిక తయారు చేసుకోవాలి. మాది నూరు మార్కుల పట్టిక: ఆకృతికి ఇరవై, తెరకు ఇరవై అయిదు, సాఫ్ట్‌వేర్‌కు ఇరవై అయిదు, సిగ్నలు, కాల్ నాణ్యత కలిపి ముప్పై. ఆకృతి పరీక్ష అంటే నడుము ఎత్తు నుంచి నాపరాయి మీద మూడేసి సార్లు పడేయడం. తెర పరీక్ష మిట్టమధ్యాహ్నం ఆఫీసు మిద్దె మీద. ఎండలో అక్షరాలు చదవగలిగితేనే మార్కులు. ‘డి’ నమూనా పదకొండో నిమిషంలో తెర నల్లగా చేసుకుని, వేడి ఎక్కువైంది, చల్లని చోటికి తీసుకెళ్లండని రాసింది. మాకూ ఆ అభిప్రాయమే ఉంది గానీ పరీక్ష కొనసాగించాం. ‘ఎ’ నమూనా ప్రతి ఉదయం పది గంటలకు పేకాట ఆడటానికి పిలిచేది. కమిటీలో లెక్కల విభాగం నుంచి వచ్చిన సభ్యుడు ఈ విషయాన్ని రెండు పేరాలు రాశారు.

‘సి’ మాత్రం అన్నింటా బాగుంది. పలుచన, వీపు నున్నగా అద్దంలా ఉంది, ఆకృతికి పద్దెనిమిది వచ్చాయి. కాల్ నాణ్యత పరీక్షకు బేతంచెర్ల వెళ్లి, నాపరాళ్లు కోసే మిషను పక్కన నిలబడి ఫోన్ చేశాను. అవతల ఆఫీసులో మా మూడో సభ్యురాలు, అసిస్టెంట్ ఇంజినీరు, వింటూ ఎలా వినపడుతోందో రాసుకుంది. ‘బి’లో నాకంటే మిషను ఎక్కువగా మాట్లాడిందట. ‘సి’లో నేను తలుపులు వేసుకున్న గదిలో కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉందట. దాన్ని బట్టి ‘బి’కి మూడు, ‘సి’కి పదికి పది వేశాను. పట్టికలో వ్యాఖ్య కూడా నేనే రాశాను: "వెనుక శబ్దం ఏమాత్రమూ వినిపించదు. అత్యుత్తమం." కింద సంతకం చేసి, హోదా ముద్ర కూడా వేశాను.

నివేదిక ఆమోదం పొందింది. మొదట ఒక నెల ప్రయోగాత్మకంగా వాడి చూడాలని బేతంచెర్ల దగ్గరి ఒక సబ్‌స్టేషన్‌ను ఎంచుకున్నారు. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. పద్దెనిమిదో రోజున నా బల్ల మీదికి ఒక ఫైలు వచ్చింది. అక్కడి అసిస్టెంట్ డివిజనల్ ఇంజినీరు ప్రతాప్ పంపినది. మద్దిలేటి అనే లైన్‌మన్ కొత్త ఫోన్‌లో లైన్ క్లియర్ తీసుకుని స్తంభం ఎక్కడానికి నిరాకరిస్తున్నాడని, ప్రతిసారీ ఆరు కిలోమీటర్లు బండి మీద సబ్‌స్టేషన్‌కు వెళ్లి చూసి వస్తున్నాడని, పనులు ఆలస్యమై నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీల వాళ్లు రోజూ ఫిర్యాదు చేస్తున్నారని అందులో ఉంది. మెమో ఇచ్చారు. సస్పెన్షన్‌కు ప్రతిపాదించారు. ఫోన్‌లో సాంకేతిక లోపం ఉన్నదీ లేనిదీ కన్వీనర్ ధ్రువీకరించాలి. లేదని నేను రాస్తే మద్దిలేటి సస్పెండ్ అవుతాడు. అతనికి రిటైర్మెంటు ఏడాదిన్నర దూరంలో ఉంది.

లైన్ క్లియర్ అంటే ఏమిటో చెప్పాలి. సబ్‌స్టేషన్ నుంచి బయలుదేరే ఒక్కో పెద్ద లైనును ఫీడర్ అంటాం. దాని మీద పని చేయాలంటే లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేస్తాడు. అక్కడి షిఫ్ట్ ఆపరేటర్ ఆ ఫీడర్ హ్యాండిల్ తిప్పితే, బయట యార్డులో ఉండే బ్రేకర్ అనే పెద్ద స్విచ్చు పడి కరెంటు ఆగుతుంది. ఆపరేటర్ పుస్తకంలో రాసుకుని ఒక నంబరు ఇస్తాడు. పని ముగించి లైన్‌మన్ ఆ నంబరు తిరిగి అప్పగించే దాకా ఎవరూ కరెంటు ఇవ్వకూడదు. నంబరు వచ్చాక తీగను నేలకు కలిపే ఎర్త్ రాడ్లు తగిలించి, కరెంటు లేదని నిర్ధారించుకున్నాకే చెయ్యి పెట్టాలన్నది నిబంధన. ఆ సెక్షన్‌కు రాడ్లు ఒక జత ఉండేవి. పోతే ఆడిట్‌లో జవాబు చెప్పాల్సి వస్తుందని స్టోరులో తాళం వేసి ఉంచారని నాకు తర్వాత తెలిసింది. కొత్త ఫోన్‌లో అదనంగా, ఆపరేటర్ నొక్కితే నంబరుతో పాటు లైన్‌మన్ తెర మీద ఒక పచ్చ టిక్కు వస్తుంది. ప్రయోగం జరిగే నెలంతా ఫోన్‌లో లైన్ క్లియర్ తీసుకుంటే కొత్త ఫోన్‌లోనే తీసుకోవాలని ఆదేశం.

ఫైలులో మద్దిలేటి సంజాయిషీ కూడా ఉంది. ఒకే వాక్యం: "కొత్త ఫోనులో ఖాజా గొంతు తప్ప ఇంకేమీ వినపడదు." ఖాజా అంటే షిఫ్ట్ ఆపరేటర్. ఫోన్ బాగా పనిచేస్తోందని లైన్‌మనే ఒప్పుకున్నాడంటూ ప్రతాప్ ఆ వాక్యం కింద ఎర్ర గీత గీశాడు. నిజం చెప్పాలంటే, నాకూ అది మెచ్చుకోలులాగే కనిపించింది. అయినా మనిషిని చూడకుండా సంతకం పెట్టడం ఇష్టం లేక బయలుదేరాను.

క్వారీ దారిలో ఒక స్తంభం కింద ఇద్దరూ నిలబడి ఉన్నారు. ప్రతాప్ ముప్పై దాటిన మనిషి, ఏ ఫైలునూ రెండో రోజుకు మిగల్చడు. మద్దిలేటి సన్నగా, ఎండకు కమిలిపోయి, నడుముకు బెల్టుతో ఉన్నాడు. ఆ స్తంభం మీద ఒక ఇన్సులేటర్ పగిలింది. పనీ అవుతుంది, పరీక్షా అవుతుందని ప్రతాప్ ఏర్పాటు.

ఫోను బాగా లేదా అని మద్దిలేటిని అడిగాను.

"బాగుండాది మేడం. మాట శానా తేటగా వినపడతాది."

"మరి ఎందుకు ఎక్కవు?"

"మాట ఒకటే వినపడతాది మేడం," అన్నాడు. నాకు అర్థం కాలేదని గ్రహించి, నెమ్మదిగా చెప్పాడు. "ఖాజా హ్యాండిల్ తిప్పినాడంటే ఫోనులో బ్రేకర్ సౌండు రావల్ల. క్వారీ ఫీడరుది పాత బ్రేకర్, ధబ్బుమంటాది. పక్కన ఊరి ఫీడరుది కొత్తది, టక్కుమంటాది. ధబ్బు వింటేనే నేను ఎక్కేది. ఈ ఫోన్లో ధబ్బూ లేదు, టక్కూ లేదు."

అలా వినాలని ఏ నిబంధనలో ఉందని ప్రతాప్ అడిగాడు.

"యాడా లేదు సార్. నాకు పని నేర్పిన పుల్లన్న చెప్పినాడు. ఆయప్ప సర్వీసంతా ఇట్లే ఎక్కినాడు. ఇప్పుటికీ బతికే ఉండాడు, గొర్రెలు మేపుకుంటాండాడు."

 సరే, పరీక్ష చేసి చూద్దామన్నాను. మద్దిలేటి కొత్త ఫోన్‌లో సబ్‌స్టేషన్‌కు కలిపి, మాకు వినపడేలా స్పీకరు పెట్టాడు. ఖాజా చేతిలోనూ అదే రకం ఫోన్. "మద్దిలేటన్నా, క్వారీ ఫీడర్ తీస్తాండా" అన్నాడు ఖాజా. తర్వాత నిశ్శబ్దం, నేను పదికి పది వేసిన నిశ్శబ్దం. మళ్లీ ఖాజా గొంతు: "తీసినా అన్నా. రాసుకో, నంబరు నలభై ఒకటి." తెర మీద పచ్చ టిక్కు వచ్చింది. అది మధ్యాహ్నం భోజనాల వేళ, చుట్టుపక్కల మిషన్లన్నీ ఆగి ఉన్నాయి. అంతా సక్రమంగా ఉంది.

"నంబరూ వచ్చింది, టిక్కూ వచ్చింది. ఇంకేం కావాలి? ఎక్కు" అన్నాడు ప్రతాప్.

మద్దిలేటి కదల్లేదు. ఎండలో తల వంచుకుని నిలబడ్డాడు. నాకు విసుగొచ్చింది. ఒకసారి ఎక్కి చూడు, నేనున్నాను కదా అని చెప్పబోయాను. నోరు కూడా తెరిచాను. అంతలో ప్రతాప్ జేబులో ఫోన్ మోగింది. ఊళ్లో టిఫిన్ సెంటరు నడిపే ఆయన. ఊరంతా కరెంటు పోయింది, గ్రైండర్‌లో పిండి ఆగిపోయింది, ఎప్పుడొస్తుంది అని అడుగుతున్నాడు.

ప్రతాప్ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నా వైపు చూశాడు. ఊరి ఫీడర్ పోయిందంటే ఖాజా తీసింది అదే. అంటే మా నెత్తి మీద ఉన్న క్వారీ లైనులో పదకొండు వేల వోల్టులు అలాగే ఉన్నాయి. ముగ్గురం తలెత్తి చూశాం. తీగలో కరెంటు ఉన్నా లేకపోయినా చూపుకు ఒకేలా ఉంటుంది.

మద్దిలేటి చొక్కా జేబులోంచి తన పాత బటన్ల ఫోను తీసి, ఖాజా పాత ఫోనుకు చేసి, దానికీ స్పీకరు పెట్టాడు.

"ఖాజా, నీవు తీసింది ఊరిది. దాన్ని ఇచ్చెయ్యప్పా. మాది తియ్యి."

 "యా అల్లా," అన్నాడు ఖాజా. "అన్నా, ఎక్కలేదు గదా?"

"ఈడే ఉండా. తియ్యి."

ఈసారి మేమూ విన్నాం. మొదట టక్కుమని ఊరికి కరెంటు తిరిగి వచ్చిన చప్పుడు, తర్వాత గోనెసంచి మిద్దె మీంచి పడ్డట్టు ధబ్బుమని ఒకటి. నంబరు నలభై రెండు. మద్దిలేటి బెల్టు బిగించి ఎక్కాడు. ఇరవై అయిదు నిమిషాల్లో ఇన్సులేటర్ మార్చి, దిగి, నంబరు అప్పగించి, భోజనానికి వెళ్లవచ్చా అని అడిగాడు. అప్పటికి నేను దారి పక్కన పేర్చిన నాపరాళ్ల మీద కూర్చుని ఉన్నాను.  నేను అనబోయిన మాట నాకే వినపడుతూ ఉంది. సర్వీసులో అంత సిగ్గుపడ్డ రోజు నాకు ఇంకొకటి లేదు.

సబ్‌స్టేషన్‌కు వెళ్లి ఖాజాను కలిశాం. ఎలా జరిగిందని అడిగితే ఫోన్ వీపు చూపించాడు. "ముందు పాత ఫోను మెడకూ భుజానికీ మధ్య పట్టుకొని రెండు చేతుల్తో పని చేస్తాంటి మేడం. ఇది నున్నగుండాది, జారిపోతాది. ఒక చేత్తో పట్టుకొని, టిక్కు యాడ నొక్కల్లో చూస్తా చూస్తా పక్క హ్యాండిల్ తిప్పేసినా." ఆ నున్నటి వీపుకే నేను పద్దెనిమిది మార్కులు వేశాను.

కర్నూలు వచ్చి నాలుగు నమూనాలనూ మళ్లీ తెరిచాం. చుట్టుపక్కల శబ్దాన్ని కోసేసేది మాట్లాడేవాడి ఫోన్‌లోని సాఫ్ట్‌వేర్. గొంతు కానిదంతా దానికి చెత్తే. రాళ్ల మిషనూ చెత్తే, బ్రేకర్ చప్పుడూ చెత్తే. ‘సి’లో దాన్ని ఆపే వీలు లేదు. ‘బి’లో అసలు అలాంటి సాఫ్ట్‌వేరే లేదు. మూడు మార్కులు వచ్చింది అందుకే. ‘సి’ని వద్దని, ‘బి’ని సిఫారసు చేస్తూ, సాంకేతిక లోపం ఫోన్‌లో లేదని, మూల్యాంకనంలో ఉందని రాశాను. పదికి పది వేసింది మీరే కదా అని సూపరింటెండింగ్ ఇంజినీరు గారు అడిగారు. నేనేనన్నాను. నన్నూ సంజాయిషీ అడిగారు. మద్దిలేటిని చూసి నేర్చుకుని నేనూ ఒకే వాక్యం రాశాను: "లైన్‌మన్ ఫోన్‌లో ఏమి వింటాడో అతన్ని అడగకుండా మార్కులు వేశాను."

మద్దిలేటి మీద చర్య ఉపసంహరించారు. అయితే ఇచ్చిన మెమో ఊరికే పోకూడదు కాబట్టి "ఇకపై జాగ్రత్తగా ఉండవలెను" అని ఒక హెచ్చరిక జారీ చేశారు. ఖాజాకు రెండు వారాల శిక్షణ వేశారు. అక్కడి రెండు హ్యాండిళ్లకు వేర్వేరు రంగులు వేయించాను. ఎర్త్ రాడ్లు స్టోరులోంచి బయటికి వచ్చాయి. అందుకు మాత్రం మూడు ఉత్తరాలు పట్టాయి.

పట్టికలో చివరన ఒక వరుస కొత్తగా చేర్చాను: "ఈ పరికరం వచ్చాక ఇంతకుముందు అందేది ఏది అందకుండా పోతుంది?" దానికి మార్కులు లేవు. నింపాల్సింది కమిటీ కాదు, వాడే మనిషి. ‘బి’ రకం ఫోన్లను ఖాజా, మద్దిలేటి చెరొకటి వారం రోజులు వాడాక, ఆ వరుసలో మద్దిలేటి ఇలా రాశాడు: "మాట సరిగ్గా వినపడదు. బ్రేకర్ వినపడతాది. చాలు." దాని కింద నేను సంతకం చేశాను.

ఒక వస్తువు ఏమి ఇస్తుందో పరీక్షించడం నాకు మొదటినుంచీ వచ్చు. అది ఏమి తీసేస్తుందో కూడా పరీక్షించాలని, ఆ సంగతి తెలిసినవాడు స్తంభం ఎక్కేవాడేనని నేర్చుకునేసరికి నా సర్వీసు పన్నెండు నెలలే మిగిలింది.