పదివేళ్ల మేస్త్రి

మా నాన్నకు అసలు పేరు ఒకటి ఉండేది గానీ దాన్ని ఎవరూ వాడేవారు కాదు. కోత మిల్లులో అందరికీ ఆయన పదివేళ్ల మేస్త్రి. పది వేళ్లు ఎవరికి ఉండవు, అందులో గొప్పేముంది అంటారేమో. కోత మిల్లులో ఉండవు. దుంగల్ని పలకలుగా కోసే ఆ రంపం ముందు కొన్నేళ్లు నిలబడితే ఏదో ఒక వేలు పొట్టిదైపోతుంది. పక్క మిషన్ మేస్త్రికి చూపుడువేలు లేదు. ఎవరైనా దారి అడిగితే బొటనవేలితో చూపించేవాడు, పాపం వాళ్లు ఎటు తిరగాలో తేలక అక్కడే నిలబడిపోయేవారు. నాన్నకు పని నేర్పిన పెద్దాయనకు ఎడమ చేతిలో మిగిలింది రెండే. ఇంతమంది మధ్య చేతులు నిండుగా ఉన్నది మా నాన్న ఒక్కడికే.

ఆ పేరంటే మా అమ్మకు హడలు. "అలా పిలవద్దని చెప్పండి వాళ్లకి. ఉన్నవాటిని ఎందుకు లెక్కపెట్టడం?" అనేది. నాన్న నవ్వి ఊరుకునేవాడు. ఆయన అన్నింటికీ నవ్వే ఊరుకునేవాడు, అది చూస్తే నాకు ఒళ్లు మండేది.

సాయంత్రం మిల్లు సైరన్ వినపడగానే అమ్మ చేస్తున్న పని ఎక్కడిదక్కడ వదిలేసి గుమ్మంలోకి వచ్చేది. నాన్న కనుబొమల నిండా రంపపు పొట్టుతో సందు మలుపు తిరిగేవాడు. వచ్చీరాగానే ఒక చేత్తో క్యారేజీ, ఇంకో చేత్తో సంచీ అందించేవాడు. రెండు చేతులూ చూశాక గానీ అమ్మ ఊపిరి పీల్చేది కాదు. నా చిన్నప్పుడు ఒకసారి నాన్నకు ఆటపట్టించాలని బుద్ధి పుట్టి, ఒక వేలు లోపలికి మడిచి క్యారేజీ ఇచ్చాడు. అమ్మ కేకకు పక్కింటివాళ్లు కూడా పరిగెత్తుకొచ్చారు. ఆ తర్వాత చాలా రోజులు అమ్మ ఆయనతో మాట్లాడలేదు. కంచం పెట్టేది, తీసేది, అంతే. నాన్న ఆ ఆట మళ్లీ ఎప్పుడూ ఆడలేదు.

వేళకు మోగే సైరన్ ఫరవాలేదు. వేళ కాని వేళ మోగితేనే మా సందులో ఆడవాళ్లకు పైప్రాణాలు పైనే పోయేవి. చేతి తడి చీరకు తుడుచుకుంటూ ఎవరికి వాళ్లు బయటికొచ్చేవాళ్లు. గేటు దాకా పరుగులాంటి నడక. అక్కడ కాపలావాడు ఎవరో ఒకరి ఇంటిపేరు చెప్పేవాడు. అది మనది కాదని తెలిసిన క్షణంలో ఎంత సంతోషం కలుగుతుందో, వెంటనే పక్కన ఏడుస్తున్నామెను చూసి అంత సిగ్గూ కలుగుతుంది. అమ్మ చెయ్యి పట్టుకుని నేను అలా చాలాసార్లు నిలబడ్డాను. మాకు ఎప్పుడూ సంతోషమే దక్కింది. ఇన్నిసార్లు దక్కింది కదా, ఇక వచ్చేసారి మన వంతేనని అమ్మ గట్టిగా నమ్మేది.

నాన్న జాగ్రత్తలు నాన్నకు ఉండేవి. చేతికి గడియారం గానీ ఉంగరం గానీ పెట్టేవాడు కాదు. చొక్కా చేతులు మోచేతులపైకి మడిచి పిన్నులు పెట్టుకునేవాడు. కునుకు వస్తుందని మధ్యాహ్నం సగం కడుపే తినేవాడు, మిగతా సగం ఇంటికొచ్చాక మొదలుపెడితే అమ్మ గిన్నెలు వెతుక్కోవాల్సి వచ్చేది. మిషన్ తిరుగుతున్నంతసేపూ ఎవరు పలకరించినా పలికేవాడు కాదు. "రంపం పని కళ్లతో కాదు, చెవులతో చెయ్యాలి" అనేవాడు. దుంగ లోపల ఎప్పటిదో పాత మేకు ఉంటుందట. రంపం పళ్లు దానికి తగలబోయే ముందు మోత మారుతుందట. ఆ మారడం విన్నవాడు చెయ్యి వెనక్కి తీసుకుంటాడు, విననివాడు మిగిలిన వేళ్లతో ఇంటికెళతాడు.

ఆ మిల్లులోనే కోసిన పలకలు పేర్చే పనిలో ఉండేవాడు మా ఆయన. నాన్నే చూసి, ఇష్టపడి, నన్నిచ్చి చేశాడు. మేముండేది అమ్మానాన్నల ఇంటి పై వాటాలోనే. మా ఆయన మంచివాడు, నోట్లో వేలు పెట్టినా కొరకలేడు. కానీ మహా పరధ్యానం. ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి నాది వేసుకుని మిల్లు దాకా వెళ్లిన ఘనుడు. ఎవరైనా మాటలు కలిపితే టీ గ్లాసు చేతిలో ఉన్న సంగతే మర్చిపోయి చెయ్యి తిప్పి మరీ చెబుతాడు. అలాంటి మనిషికి రంపం మేస్త్రి కావాలని కోరిక. "మామయ్యా, నాకు పని నేర్పండి" అని అడిగినప్పుడల్లా నాన్న "చూద్దాంలే బాబూ" అనేవాడు. చూసింది మాత్రం లేదు. మామయ్యకు తనమీద నమ్మకం లేదని మా ఆయన నా దగ్గర మొహం ముడుచుకునేవాడు. నాన్నను నేనేమీ అడగలేదు. ఎవరి తరఫున మాట్లాడినా రెండోవాళ్లకు కోపం వస్తుందని ఊరుకున్నాను.

మాకు కూతురు పుట్టాక నాన్నకు అదే లోకమైంది. మిల్లు నుంచి వచ్చి స్నానం చెయ్యగానే దాన్ని ముందు కూర్చోబెట్టుకుని జడలు వేసేవాడు. రోజంతా దుంగలు తోసిన ఆ మొరటు వేళ్లు పిల్ల తలలో ఎంత మెల్లగా కదిలేవంటే, నేను దువ్వెన పట్టుకుంటే ఇల్లెగిరిపోయేలా ఏడ్చే పిల్ల తాత దగ్గర కునుకు తీసేది. దాని అలక తీర్చేది ఆయనే, జ్వరమొస్తే పక్కనుంచి కదలనిదీ ఆయనే.

ఆ పిల్లకు ఒక అలవాటు ఉండేది. తాతతో ఏదైనా చెప్పాలంటే ముందు ఆయన మోకాలు తట్టి, ఎదురుగా వచ్చి నిలబడి అప్పుడు చెప్పేది. ముద్దుగా ఉందని అందరం నవ్వుకునేవాళ్లం. ఒకరోజు "అక్కణ్ణుంచే చెప్పొచ్చు కదే" అన్నాను.

"వెనకనుంచి పిలిస్తే తాతయ్యకి వినపడదుగా" అంది అది, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు.

నేనూ అమ్మా మొహాలు చూసుకున్నాం. నాన్న కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. అమ్మ చేతిలో ఉన్న స్టీలు పళ్లెం వదిలేసింది. అది నేలమీద పడి, గిరగిరా తిరిగి, మోగి మోగి ఆగింది. నాన్న తల తిప్పలేదు. చెవులతో చెయ్యాల్సిన పని అని చెప్పిన మనిషి ఎన్నాళ్లుగా చెవులు లేకుండా చేస్తున్నాడో!

ఆ రోజునుంచి మా ఇంట్లో ముద్ద ఎవరికీ సరిగ్గా దిగలేదు. అమ్మ బతిమాలింది, ఏడ్చింది, తిట్టింది. నేనైతే ఎదురుగా నిలబడి, పెదవులు కనపడేలా, ఒక్కో మాటా విడదీసి మరీ పోట్లాడాను. "చెవులు పోయాయి, చేతులు కూడా పోగొట్టుకుంటారా నాన్నా?"

"దుంగ మీద చెయ్యి ఆనిస్తే అదురు తెలుస్తుందమ్మా. మోత విన్నట్టే" అన్నాడు. అంటే ఇదివరకు దూరంగా ఉండే చెయ్యిని ఇప్పుడు రంపానికి దగ్గరగా పెడుతున్నాడన్నమాట! ధైర్యం చెప్పబోయి ఉన్న ధైర్యం కూడా తీసేశాడు. మానెయ్యమంటే "ఇంకొన్నాళ్లు" అనేవాడు. ఎన్నాళ్లంటే నవ్వేవాడు. ఇదేం పంతమో మాకు అంతుపట్టలేదు. పని లేకపోతే తోచదనుకుంటున్నాడేమో, పేరు పోతుందని బాధేమో అనుకున్నాం.

చివరికి అమ్మ ఒక పని చేసింది. నాన్న మిల్లులో ఉండగా ఓనరు ఇంటికి వెళ్లి, ఉన్న సంగతి చెప్పేసింది. ఓనరు మర్యాదస్తుడు. మర్నాడు నాన్నను కుర్చీలో కూర్చోబెట్టి, టీ ఇప్పించి, ఇంతకాలం చేసింది చాలు, ఇక ఇంటిపట్టున ఉండమన్నాడు. నాన్న మధ్యాహ్నమే ఇంటికొచ్చేశాడు. ఎవరు చెప్పారని అడగలేదు. పెరట్లో కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ చాలాసేపు అక్కడే ఉండిపోయాడు. అమ్మ మాత్రం కాళ్లు భూమ్మీద ఆనకుండా తిరిగింది. నాన్న మిల్లులో చేరిన దగ్గర్నుంచి సైరన్ పట్టించుకోకుండా వంట చేసింది ఆ ఒక్కరోజే.

ఆ సంబరం చీకటి పడేదాకా కూడా నిలవలేదు. మా ఆయన మెట్ల దగ్గర్నుంచే కేకేస్తూ వచ్చాడు. "అత్తయ్యా! ఓనరుగారు మామయ్య మిషన్ నాకే ఇస్తున్నారు. రేపటినుంచి నేనే!"

అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. నాన్న అల్లుడి పెదవులవైపే చూస్తున్నాడు. మళ్లీ చెప్పమని అడగలేదు. లేచి, కొక్కేనికి ఉన్న మిల్లు చొక్కా తీసి, దులిపి, మళ్లీ అక్కడే తగిలించాడు.

తెల్లారేసరికి ఆ చొక్కా ఒంటిమీద ఉంది. అల్లుడితోపాటు బయలుదేరాడు. ఏ పనీ లేదు, ఎవరూ రమ్మనలేదు. రంపానికి అవతలివైపు నిలబడి, అల్లుడి చేతులమీంచి చూపు తిప్పకుండా పొద్దంతా ఉన్నాడు. ఆ మర్నాడూ అంతే. మిల్లులో నవ్వులాటలు మొదలయ్యాయి. మేస్త్రికి తోడు కావాల్సొచ్చిందని ఒకడు, పాలసీసా కూడా తెచ్చారా అని ఇంకొకడు. మా ఆయనకు తల కొట్టేసినట్టయ్యేది. ఇంటికొచ్చి నామీద విసుక్కునేవాడు. నేను మాత్రం లోపల్లోపల నాన్నకు దండం పెట్టుకునేదాన్ని. ఇప్పుడు సైరన్ వింటే గుమ్మంలోకి ఇద్దరం వస్తున్నాం. అమ్మా, పక్కన నేనూ.

ఒక సాయంత్రం ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా వచ్చారు. మా ఆయన కుడిచేతి చొక్కా అంచు చీలికలై వేలాడుతోంది. కింద చెయ్యి బాగానే ఉంది. అది చూశాక కూడా ఆ చేతిని తిప్పి తిప్పి చూశాను.

"ఏం లేదు, కొంచెం తగిలింది" అన్నాడు. ఎవరో పిలిస్తే జవాబు చెప్పడానికి తల తిప్పాడట. నాన్న ఇవతలికి లాగాడట. భోజనాల దగ్గర ఉండబట్టలేక మా ఆయనే మొదలుపెట్టాడు. "మామయ్యా, అందరికీ జరిగేదే కదా ఇది. నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా? రేపటినుంచి మీరు రావద్దు."

నాన్న కంచం పక్కకు జరిపి, అల్లుడి రెండు చేతులూ పట్టుకున్నాడు. ఎవరినీ ఏదీ అడిగి ఎరగని మనిషి. మా ఆయన కంగారుగా చేతులు వెనక్కి తీసుకోబోయాడు, నాన్న వదల్లేదు.

"బాబూ, ఈ చెవులతో ఆ పని ప్రమాదమని నాకు తెలీదనుకున్నారా? అందరికంటే ముందు నాకే తెలుసు. అయినా మిషన్ ఎందుకు దిగలేదో తెలుసా? నేను దిగితే నిన్నెక్కిస్తారు. నువ్వు బంగారంలాంటివాడివి. నీకు ఆ పని కాదు. ఈ మాట నీ మొహాన అనలేక ఇన్నాళ్లూ అక్కడే నిలబడ్డాను."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఓనరు దగ్గరికి వెళ్లొచ్చింది తనే కదా.

నాన్న ఆవిడవైపు చూడలేదు. చెవుడు వల్ల ఆయన గొంతు ఎప్పుడూ కాస్త హెచ్చుగానే ఉండేది. ఆ రోజు మాత్రం బాగా తగ్గిపోయింది. "మీ అత్తయ్య ఉంది చూశావా, పెళ్లయిన కొత్తలో నేనొస్తే నా మొహం చూసేది. నేను మిల్లులో చేరాక మానేసింది. ఇన్నేళ్లలో నేను గుమ్మమెక్కిన ఒక్కరోజు కూడా ముందు నా మొహం చూడలేదయ్యా. చేతులే చూసింది. నేను నవ్వుతూ వచ్చానో, ఏడుస్తూ వచ్చానో దానికి తెలీదు. నవ్వేసి ఊరుకున్నాను గానీ, నాకు తెలియక కాదు. నా కూతురు కూడా అలాగే బతకాలా? నిన్ను అడుక్కుంటున్నాను, దిగిపో."

మా ఆయన చేతులు విడిపించుకుని, కంచంలో చెయ్యి కడిగేసుకుని పైకి వెళ్లిపోయాడు. పొద్దున్న నేను ఏదో చెప్పబోతే వినకుండా ఒక్కడే మిల్లుకు వెళ్లాడు. నాన్న తన మిల్లు చొక్కా వేసుకున్నాడు గానీ వెళ్లలేదు. అంత మాట అనేశాక ఇంక ఏ మొహం పెట్టుకుని వెళ్లనన్నాడు. ఇక ఆ రోజు మా ముగ్గురి పరిస్థితి చెప్పక్కర్లేదు. నాన్న పిల్లకు జడ వేశాడు, విప్పాడు, మళ్లీ వేశాడు. నేను కాలుగాలిన పిల్లిలా మెట్లెక్కుతూ దిగుతూ ఉన్నాను. బజారులో ఏ బండి హారన్ కొట్టినా అమ్మ లేచి నిలబడేది. అవతలివైపు నిలబడే మనిషి లేకుండా, పైగా మనసు బాగాలేకుండా, ఆ పరధ్యానం మనిషి రంపం ముందు ఉన్నాడన్న ఊహే మమ్మల్ని కూర్చోనివ్వలేదు.

సైరన్ వేళకే మోగింది. గుమ్మంలోకి పరిగెత్తాను. సందు మలుపులో మా ఆయన కనిపించాడు. ఎంత వద్దనుకున్నా నా కళ్లు ముందు చేతులమీదకే పోయాయి. కుడిచెయ్యి, తర్వాత ఎడమచెయ్యి.

ఆయన దగ్గరికొచ్చి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. "ఇటు చూడు. పైకి చూడు" అన్నాడు.

చూశాను. కళ్లు ఎర్రగా ఉన్నాయి, పెదవులమీద నవ్వుంది.

"దిగిపోయా. రేపటినుంచి పలకల దగ్గరికే."

నేను ఏడుపు ఆపుకోలేక గుమ్మం పట్టుకున్నాను. లోపలినుంచి నాన్న "ఏమంటున్నాడే, ఏమంటున్నాడు?" అని అడిగాడు. అమ్మ ఆయన ఎదురుగా కూర్చుని, ఆయన మొహంలోకి చూస్తూ గట్టిగా చెప్పింది. "ఏమిటీ?" అన్నాడు. మళ్లీ చెప్పింది. "వినపడలేదు, ఇంకోసారి చెప్పు" అన్నాడు. ఆవిడ ఇంకా గట్టిగా, సందంతా వినపడేలా చెప్పింది. ఆయన మళ్లీ అడిగాడు.

మొదటిసారే అర్థమైందని ఆయన కళ్లు చూస్తేనే తెలుస్తోంది. అయినా అమ్మ చెబుతూనే ఉంది.