పన్నీరు బుడ్డిలో వదిన సెంటు

మా వదిన సెంటు వాసనను ఇన్నేండ్లయినా ముక్కులో దాచిపెట్టుకునే ఉన్నా. అది మర్చిపోతే నా కోపం యాడ చల్లారుతుందో అని భయం.

వదినంటే మా ఆయన అక్క. కడపలో వాళ్లది పెద్ద బట్టల అంగడి. రెండువేల ఐదో ఆరో, ఆమె మరిది కువైట్ నుంచి వస్తా ఒక సెంటు బాటిల్ తెచ్చిచ్చినాడు. గుప్పిట్లో పట్టేంత గులాబీరంగు గాజుబుడ్డి. "ఇది అంగళ్లలో దొరికేది కాదు. ఎవురో ఒకాయన కొన్నే కొన్ని చేస్తాడంట. కడప మొత్తానికీ నాదొక్కటే" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పుకునేది. ఆమె వాకిట్లోకి రాకముందే ఆ వాసన వచ్చేసేది. ముందు బాగా మాగిన పండ్లు, ఆ ఎనకాలే పూలు. బాగుండేదా అంటే శానా బాగుండేది. నా ఏడుపంతా అదే.

మా అమ్మది పత్తికొండ. మాది టమోటా చేను. తెల్లారకముందే కాయ కోసి, ఏరి, బాక్సుల్లో సర్ది మార్కెట్టుకు తోలేది అమ్మే. ఒకసారి వదినకు కాలు బెణికిందని తెలిసి, "చూసి రాకపోతే బాగుండదు పాపా" అని కర్నూల్లో నా కాడికొచ్చి, నన్ను వెంటబెట్టుకుని కడపకు బయలుదేరింది. ఆ పొద్దు కోసిన కాయల్లో మంచివి ఏరి ఒక సంచినిండా తెచ్చింది. బస్సులో ఐదు గంటలు ఒళ్లో పెట్టుకునే కూచుంది, నలుగుతాయని.

వదినోళ్ల సోఫా మీద అర్ధగంట కూచుని, కాఫీ తాగి లేచినాము. అమ్మ గడప కాడ వంగి చెప్పులేసుకుంటాంది. ఎనక నుంచి పుస్సుమని శబ్దం. మళ్లీ పుస్సుమని. తిరిగి చూస్తే వదిన, అమ్మ కూచున్న చోట సెంటు కొడతాంది. "కిటికీలు తెరువు, టమోటా కుళ్లు వాసన" అంటాంది పనామెతో. మా అమ్మకు చెవులు బాగా వినిపిస్తాయి. తల ఎత్తలేదు. బకిలు కూడా లేని చెప్పులు, వాటిని ఏసుకోడానికి అంతసేపు పట్టింది.

బస్సులో పైట ముక్కు కాడికి తెచ్చుకుని అడిగింది. "పాపా, నా కాడ వాసన వస్తాందా? నిజం చెప్పు."

"లేదు మా."

"నువ్వు అట్లే అంటావులే."

ఆ తర్వాత ఎవరి పెండ్లికి పిలిచినా రానంది. పక్కన కూచునేవాళ్లకు ఇబ్బందంట! పెండ్లంటే నలుగురినీ నవ్విస్తా ముందు వరసలో కూచునే మనిషి. ఇంకో ఏడాదిలో వదిన కొడుకు పెండ్లి. ఆ పెండ్లికి మా అమ్మ రావాల, ముందు వరసలో కూచోవాల, వదిన నోరు మూతపడాల. ఆ రోజే అనుకున్నా.

మళ్లీ కడపకు పోయినప్పుడు వదిన గదిలో దూరి, దూదికి రెండు సార్లు ఆ సెంటు కొట్టి, కెమెరా రీలు డబ్బాలో పెట్టి బిగించినా. దొంగతనమే. ఏమైతాది?

కర్నూలు పాతబస్తీలో అత్తరు అమ్మే ముసలి భాయ్ ఉండేవాడు. డబ్బా మూత తీసి, వాసన చూసి, దూదిని కాగితం ముక్కకు రుద్ది పెట్టుకున్నాడు. "రేపు రా బేటీ. సెంటు గుణం ఒక పూటలో తెలియదు" అన్నాడు. మర్నాడు పోతే కాగితం నా ముక్కు కాడ పెట్టినాడు. పండు పోయింది. పూలూ పోయినాయి. పాలకోవా మాదిరి తీపి మాత్రం ఉండాది.

"ముందు పండు చూపిచ్చి పలకరిస్తాది. తర్వాత గులాబీ, సన్నజాజి. ఆఖరికి చక్కెర. లోపల ఇంకేం లేదమ్మా. గంధం లేదు, వట్టివేరు లేదు. నిలబడే సరుకు కాదు."

అచ్చం మా వదినే! నాకు నవ్వాగలేదు. "చేయగలవా భాయ్?" అంటే మీసం దువ్వినాడు. "ఆ పండు మన దేశంది కాదు. అనాస, మామిడి కలిపి మాయ చేస్తా." నాలుగు సార్లు తిప్పించుకున్నాడు. ఐదోసారి నేను కండ్లు మూసుకుని చూస్తే ఎదురుగా వదినే నిలబడినట్టుండాది, ఒళ్లు మండిపోయింది. పన్నీట్లో కలవాలని చెప్తే, నూనెలో కాకుండా స్పిరిట్లో చేసిచ్చినాడు. మరక పడతాదేమోనని నా పట్టు రవిక మీద చల్లి చూసుకున్నా కూడా.

పెండ్లికి వారం ముందు వదినతో చెప్పినా. "పన్నీరు నేను చూసుకుంటాలే వదినా." వాకిట్లో నిలబడి వచ్చినోళ్ల మీద పన్నీరు చల్లడం ఆడపిల్లలు చేసే పని. పెండ్లికొడుకు మేనమామ భార్యను, నేను చేసేది కాదు. "బుద్ధిగా అణిగినావే" అని ముచ్చటపడింది. అణుగుతానా నేను!

అమ్మ రానని మొండికేసింది. "నాకోసం రా మా, ఈ ఒక్కసారే" అని చేతులు పట్టుకుంటే పాత పట్టుచీర తీసింది. కళ్యాణమండపం వాకిట్లో మొట్టమొదట ఆమె మీదే చల్లినా. ఆ తర్వాత ఎవురినీ వదల్లేదు. చుట్టాలు, పూలమ్మి, డ్రైవర్లు, గరిటెలు మోసుకొస్తున్న వంటోళ్లు. ఆ రోజు కిటికీలు తెరిచిన పనామె మీద చుట్టూ తిరిగి చల్లినా. ముహూర్తానికి మండపమంతా వదిన వాసనే.

వదిన కొత్త పట్టుచీరలో, ఒళ్లంతా తన సెంటు కొట్టుకుని బయటికొచ్చింది. ఒక్కరూ తిరిగి చూడలేదు. ఎవురో ముసలామె ఆమెనే పట్టుకుని "పన్నీరు శానా బాగుండాది మే, యాడ తెప్పిచ్చినారు?" అని అడిగింది. వదిన ముక్కు ఎగబీల్చింది. పక్కకు తిరిగి మళ్లీ ఎగబీల్చింది.

ముందు వరసలో అందరినీ పలకరించుకుంటా మా అమ్మ కాడికి వచ్చింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, దగ్గరికి లాక్కుని, వాసన చూసి పెద్దగా నవ్వింది.

"ఏమ్మా, నీ కాడా నా కాడా ఒకటే వాసన వస్తాందే!"

ఆ వరసంతా ఘొల్లుమంది. వదిన తల తిప్పి నన్ను చూసింది. నేను బుడ్డి పట్టుకుని దగ్గరికి పోయి, ఆమె మీద రెండే రెండు సార్లు చల్లినా.

"కిటికీలు తెరవమందునా వదినా?" అని మెల్లగా అడిగినా.