లోపల మనిషుండగా స్విచ్ ఆపకూడదు

మంగళవారం ఉదయం బెంగళూరులో ఆఫీసుకు బయలుదేరుతుంటే మా బంగారు గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేట నుంచి ఫోను. వీడియోగేమ్ మామ కూతురు. "నాయన నిద్రలోనే పోయినాడక్కా" అంది. నాకు ముందు గుర్తొచ్చింది మామ కాదు, నా సంచిలో ఉన్న ఆటలో నేల కింద తొమ్మిదో అంతస్తులో నిలబడిపోయిన చిన్న మనిషి. సిగ్గేసింది.

గని మూతపడేదాకా మామది, మనుషుల్ని లోపలికి దించే లిఫ్టు దగ్గర గంట కొట్టే పని. తర్వాత సినిమాహాలు వెనక ఒక గదిలో రెండు టీవీలు పెట్టి ఆటల అంగడి తెరిచాడు. అందులో ఒక జపాను ఆట ఉండేది. దాని మీద అక్షరం ముక్క మాకెవరికీ అర్థమయ్యేది కాదు. టోపీకి దీపం పెట్టుకున్న మనిషి నేలను తవ్వుకుంటూ దిగుతాడు. మేం దాన్ని గని ఆట అనేవాళ్లం.

వేరే అంగళ్లలో టైమైపోతే టక్కున స్విచ్ ఆపేస్తారు. మామ ఆపడు. వేలి కణుపుతో బల్ల మీద మూడుసార్లు కొడతాడు. గంట మూడుసార్లు కొడితే లిఫ్టులో మనుషులు ఎక్కారని గనిలో గుర్తు. అది వినగానే మేం తవ్వడం మాని, మనిషిని నేల మీదికి ఎక్కించాలి. అప్పుడే స్విచ్. నాది కాలుగాలిన పిల్లి వాటం. అడుగున ఏముందో చూసెయ్యాలని ఒకటే ఆరాటం. ఆపెయ్ మామా, మళ్లీ మొదలుపెడతానని గునిసేదాన్ని.

"లోపల మనిషుండాడు కదమ్మా, అట్ల తీస్తే వాడు యాడికి పోతాడు? దిగేది ఎవురైనా దిగుతారు. ఎక్కొస్తేనే పని."

మొన్నీమధ్య ఎవరికీ గుర్తులేని పాత జపాను ఆటలన్నీ కలిపి మళ్లీ విడుదల చేశారు. అందులో మా గని ఆట! చేతిలో పట్టే మెషీన్‌లో వేసుకున్నాను. ఈసారి వివరం ఇంగ్లీషులో ఉంది. దిగితేనే పాయింట్లట, ఎక్కితే సున్నా. ఊరి పిల్లలమంతా ఏళ్ల తరబడి తప్పు ఆడామన్నమాట. ఊరికి పరుగున వెళ్లి చెబితే మామ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఆ ఆట చేసినోళ్లు ఒగదినమన్నా గనిలో దిగుండరులేమ్మా."

ఆ ఫోనుకు రెండు రోజుల ముందు, ఆదివారం, ఎప్పుడో మూతపడిన ఆ అంగడి గడప మీదే ఇద్దరం కూర్చున్నాం. ఆటలో మనిషిని తొమ్మిదో అంతస్తు దాకా దించాను. "ఇంగెంత దూరముండాదమ్మా అడుగు?" అని కళ్లద్దాలు పైకి తోసుకుని చూస్తున్నాడు. నాకు రైలు టైమైంది. ఆటను ఉన్నచోటే సేవ్ చేసి సంచిలో వేసుకున్నాను.

"మనిషిని పైకి తెచ్చినావా?"

"తెచ్చినాను మామా."

అబద్ధం. సేవ్ అంటే ఏమిటో చెప్పే ఓపిక లేక అన్నాను. పై ఆదివారం ఉంది కదా అనుకున్నాను. ఆయన నమ్మి, తృప్తిగా తల ఊపాడు. ఆ తల ఊపడమే నన్ను కుదురుగా ఉండనివ్వలేదు.

కర్మకాండ అయ్యాక వచ్చి అదే గడప మీద కూర్చున్నాను. తెర వెలిగింది. వాడు ఎక్కడున్నవాడు అక్కడే ఉన్నాడు. ఈ కొత్త ఆటలో వెనక్కి తిప్పే మీట ఉంది, నొక్కితే క్షణంలో పైకి వస్తాడు. నొక్కబుద్ధి కాలేదు. ఒక్కో మెట్టూ ఎక్కించాను. ఆరో అంతస్తులో రెండుసార్లు రాళ్లు మీదపడి చచ్చాడు, మళ్లీ తొమ్మిదో అంతస్తు నుంచి ఎక్కించాను. రైలు పోతే పోయిందనుకున్నాను. కాలు మాత్రం ఆగకుండా ఊగుతూనే ఉంది.

చివరికి ఆకాశం కనిపించింది. అంగడి షట్టరు మీద వేలి కణుపుతో మూడుసార్లు కొట్టాను.

తెర మీద చిన్న మనిషి ఎండలో నిలబడ్డాడు. టోపీ మీద దీపం ఇంకా వెలుగుతోంది. నా వేలు స్విచ్ మీదే ఉంది.