వేడి మీద తీసిన కొలత

ఆ రోజుల్లో, అంటే మాస్టర్స్ పట్టా చేతికొచ్చి వీసా గడువు మెడకొచ్చిన రోజుల్లో, లండన్ పక్కనున్న స్లౌ ఊళ్ళో ఒక మెషిన్ షాపులో పనిచేశాను. ముందే ఒప్పుకుంటున్నాను, నేను దేన్నయినా పదింతలు చేసి చెబుతాను. మీరు పదో వంతు నమ్మితే చాలు. మా షాపులో ఒక మూల సర్ఫేస్ గ్రైండర్ ఉండేది (రాణిగారి ముత్తాత కాలం నాటిదని నా అంచనా). తిరిగే రాయి కింద ఇనుప పలక ముందుకీ వెనక్కీ పోతూ, వెంట్రుకలో వందో వంతు చొప్పున అరిగి, అద్దంలా తేలేది. దాన్ని నడిపేది విజయవాడ ఆటోనగర్‌లో చేయి తిరిగిన అంకుల్.

మా మేనేజరుకు మేం పెట్టుకున్న పేరు బ్రోచర్ దొర. ఎగ్జిబిషన్‌లో ఊరికే పంచిన కాగితం చదివి, పడకగది అంత మిల్లింగ్ మెషిన్ (తిరిగే కత్తితో లోహాన్ని చెక్కేది) కొనుక్కొచ్చాడు. దానికి తలుపులు, దీపం, కంప్యూటరు; తనకు లేని తెలివి కూడా దానికుంటుందని ఆయన నమ్మకం. "ఈ కాలంలో గ్రైండింగ్ ఎవరికి కావాలి? మిల్లింగే కొలత తప్పకుండా నున్నగా చేసిపెడుతుంది. శుక్రవారం పరీక్ష. నెగ్గితే గ్రైండర్ పాత ఇనుముకి, ఆపరేటర్ ఇంటికి" అన్నాడు. పరీక్ష బాధ్యత నాది. నేను టై కట్టుకొచ్చాను (తిరిగే మెషిన్ పక్కన టై కట్టుకునేవాడు కచ్చితంగా ఇంజినీరింగ్ చదివినవాడే).

శుక్రవారం ఆ కొత్త మెషిన్‌లోంచి పలక బయటికి రాగానే, పెనం మీద అట్టులా ఉండగానే (సరే, గోరువెచ్చగా), కొలవమన్నాడు దొర. కొలత అచ్చంగా సరిపోయింది. చప్పట్లు.

"ఏరా అబ్బాయ్, వేడి మీద ఇనుము ఉబ్బుద్ది గదా! ఆ రాతి బల్ల మీద పడేసి, టీ తాగొచ్చి కొలువు" అన్నారు అంకుల్.

"ఇది కంప్యూటర్ మెషిన్ అంకుల్."

"మెషిన్ కంప్యూటరుదే గానీ, పలక ఇనుపదేగా నాయనా!"

దొర అప్పటికే పాత ఇనుము వాడికి ఫోన్ చేస్తున్నాడు. టీ తాగొచ్చి కొలిచాను. పలక ఉండాల్సిన దానికన్నా పలచబడింది. కోసేసిన లోహాన్ని తిరిగి అతికించే బటన్ ఆ మెషిన్‌కి లేదు (బ్రోచర్‌లో ఉందేమో). నేను సింహంలా దొర గదిలోకి దూకి, "పరీక్ష పోయింది! అంకుల్ చెప్పిందే నిజం!" అని గర్జించాను. కిటికీలు అదిరాయి.

సోమవారం గ్రైండర్‌ని లారీ ఎక్కించారు. అంకుల్ తన టీ కప్పు సంచిలో వేసుకుని, "టై బావుందిరా" అని నా భుజం తట్టి వెళ్ళిపోయారు.

అంత గర్జించాక కూడా గ్రైండర్ ఎందుకు పోయిందంటారా? మిగతావన్నీ కాస్త సాగదీసినవే గానీ, పూర్తిగా కల్పించింది ఆ గర్జన ఒక్కటే. రెండో కొలత రాసిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. నా వీసాకి దొర సంతకం కావాలి మరి. ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఇప్పుడైతే నిజంగానే గర్జిస్తాను. బ్రిటిష్ పాస్‌పోర్టు చేతికొచ్చాక ధైర్యానికేం కొదవ!