పగలని అద్దం, పక్కనే కాలవ

ఈరోజు తెనాలిలో మా మేనల్లుడు తన చేపల పికప్‌కి టెంపర్డ్ పక్క అద్దాలు తీయించి, లామినేటెడ్‌వి పెట్టించాడు. మొదటి రకం ఒక్క దెబ్బకు పటిక బెల్లంలా పొడిపొడిగా రాలుతుంది. రెండోదాని మధ్యలో ప్లాస్టిక్ పొర ఉంటుంది, బీటలు వారుతుందే గాని ఊడిరాదు. వాడు రోజూ తిరిగేదేమో రేపల్లె కాలవ గట్టు మీద.

"బండి కాలవలో పడి తలుపులు తెరుచుకోకపోతే ఎలా బయటికొస్తావురా?" అన్నాను.

"శుభమా అని కొత్త అద్దాలేయిస్తే అవేం మాటలు మావయ్యా! దొంగోడు ఎంత కొట్టినా పగలవంట."

చేపల కంపుకి ఏ దొంగొస్తాడు? ప్రమాదంలో అద్దం పగలగొట్టుకోవడానికి సీటు పక్కన పెట్టుకున్న సుత్తితోనే కొబ్బరికాయ కొట్టాడు. ఇక దానికి మిగిలిన పని అదే. ఒళ్ళు మండి, ఇచ్చిన కొబ్బరి చిప్ప అక్కడే పెట్టేసి బస్సెక్కాను. మీ బండి అద్దం ఏ రకమో ఎరుగుదురా, లేక మీరూ కొబ్బరికాయతోనే సరిపెట్టారా?