పేట కుళాయికి మొదటి వంతు

పోయినవి ముందు చెప్పేస్తాను. తట్టలు పదకొండు. పారలు రెండు, ఒకటి విరిగింది, ఒకటి ఎవరు పట్టుకెళ్ళారో తెలియదు. చెరువులో పడిన సెల్‌ఫోను ఒకటి. చెప్పులు ఏడు, అన్నీ ఎడమకాలివే. అదెలా జరిగిందో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. గేదెలు తొక్కి బోదె కాలువలోకి జార్చేసిన కొత్త ఇసుక అర ట్రాక్టరు. ఇవి కాక, ఊరి చివరి పేటలో మా కాలేజీ మీద ఉన్న నమ్మకం ఒక ఉదయం మొత్తంగా పోయింది. అది మళ్ళీ దొరికింది కాబట్టే ఈ సంగతి తీరిగ్గా రాయగలుగుతున్నాను.

భీమవరం దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో నేను ఎస్టేట్ సూపర్‌వైజరుగా పనిచేశాను. క్యాంపస్‌లో నీళ్ళు, కరెంటు, మురుగు, భవనాల మరమ్మతులు చూసే విభాగం అది. నా పైన ఎస్టేట్ ఆఫీసరు, నా కింద పంపు ఆపరేటర్లు, ప్లంబర్లు ఉండేవారు. నా చదువు ఇంటర్‌తో ఆగింది. ఏ ట్యాంకులో ఎన్ని లీటర్లు పడతాయి, ఏ మోటారు గంటకు ఎంత తోడుతుంది, ఏ పైపులో ఎంత పోతుంది అన్న లెక్కలు పంపుహౌసులో కూర్చుని సొంతంగా నేర్చుకున్నవే. యాభై నాలుగో ఏట ముందుగానే ఉద్యోగం విరమించుకున్నాను. ఆ విరమణకు ముందరి ఏడాది మార్చిలో ప్రిన్సిపాల్ గారు నన్ను ఒక విద్యార్థి ప్రాజెక్టుకు స్టాఫ్ ఇన్‌ఛార్జిగా వేశారు.

ఏటా మా విద్యార్థులు పక్క ఊళ్ళలో ఏదో ఒక పని చేసేవారు. కాలేజీలో టాంజానియా, సూడాన్, నేపాల్, బీహార్, మణిపూర్ పిల్లలు చాలామందే ఉన్నా, నాయకత్వం ఎప్పుడూ మన జిల్లాల కుర్రాళ్ళదే. మిగతావాళ్ళు తట్టలు మోసేవారు, ఫొటోలో బ్యానరు పట్టుకునేవారు. ఆ ఏడు ప్రిన్సిపాల్ గారు పద్ధతి మార్చారు. లీడరు బయటి నుంచి వచ్చిన విద్యార్థి, డిప్యూటీ ఇక్కడి విద్యార్థి. లీడరుగా సివిల్ మూడో సంవత్సరం చదివే టాంజానియా అమ్మాయి నీమాను ఎంచారు. డిప్యూటీ మండపేట వైపు రైతు కొడుకు సత్తిబాబు. లీడరు పదవి తనకే వస్తుందని సత్తిబాబు రెండేళ్ళుగా అనుకుంటున్నాడు. అందుకని మొదటిరోజు నుంచీ చెప్పిన పని చేసేవాడు గానీ నోరు విప్పేవాడు కాదు.

స్టాఫ్ ఇన్‌ఛార్జి పని నడిపించడం కాదు. ప్రమాదం జరగకుండా చూడటం, అవసరమైతే లీడరును మార్చమని ప్రిన్సిపాల్‌కు సిఫారసు చేయడం. అంతే.

ఆ ఏడు మాకు అప్పగించిన పక్క ఊరికి తాగునీరు కాలువ నుంచే. కాలువ నీటిని పెద్ద చెరువులో నింపుతారు. అక్కడి నుంచి రెండు ఇసుక ఫిల్టర్ల గుండా వడకట్టి, ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కించి, కుళాయిలకు వదులుతారు. ఏప్రిల్‌లో మరమ్మతుల కోసం కాలువ కట్టేస్తారు. అది మళ్ళీ వదిలేదాకా చెరువులో ఉన్నదే ఊరికి ఆధారం. ఫిల్టర్లు రెండూ పూడిపోయి ఉన్నాయి. వాటిని బాగుచేయడం మా పని.

ఇసుక ఫిల్టరు బాగుచేయడమంటే కడిగేసి వచ్చేయడం కాదు. పైన పూడిన ఇసుకను చెక్కి తీయాలి, కడగాలి, తక్కువైనంత కొత్త ఇసుక పోయాలి. ఆ తర్వాత నీళ్ళు పెట్టి ఉంచితే ఇసుక మీద సన్నని జిగురు పొర ఒకటి పడుతుంది. నీటిని శుభ్రం చేసేది నిజానికి ఆ పొరే. అది పట్టేవరకూ వచ్చిన నీటిని పారబోయాలి. కాలువ పారుతున్నప్పుడైతే పారబోసినంత మళ్ళీ తెచ్చుకోవచ్చు. కాలువ కట్టేశాక పారబోసే ప్రతి బిందె వేసవి కోటాలోంచి పోతుంది. కాబట్టి కాలువ కట్టేలోపు రెండు ఫిల్టర్లూ తయారు కావాలి. కాకపోతే ఆ వేసవి ఊరికి చెరువు నీళ్ళే గతి. చిన్నపిల్లలున్న ఇళ్ళలో అదంటే ఏమిటో చెప్పనక్కర్లేదు.

ఒక ఫిల్టరు ఆపితే నీళ్ళు సగమే వస్తాయి. ఆ సగాన్ని ఎలా పంచాలో తేల్చడానికి నీమా పంచాయతీ ఆఫీసు వరండాలో మీటింగు పెట్టింది. హాస్టల్లో ఉండి తెలుగు బాగానే పట్టుకుంది. రోజూ ఉదయం అందరికీ ఒకేసారి అరగంట వదలడం ఒక పద్ధతి, వీధుల వారీగా రోజు మార్చి రోజు వదలడం ఇంకో పద్ధతి అని చెప్పి, చేతులెత్తమంది. ఎక్కువ చేతులు అరగంటకే లేచాయి. అందరికీ సమానంగా ఉందని నేనూ అనుకున్నాను. సత్తిబాబు గోడకు ఆనుకుని నిలబడి ఏమీ అనలేదు.

పని మొదలెట్టిన మూడోరోజు ఉదయం మేం వెళ్ళేసరికి పేట నుంచి పాతికమంది ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో వచ్చి, మేం కడిగి ఆరబెట్టిన ఇసుక గుట్ట మీద కూర్చుని ఉన్నారు. పేట ఊరి శివారున, పైపు చిట్టచివర ఉంటుంది. ట్యాంకు పక్క వీధుల్లో కుళాయిలకు మోటార్లు బిగించి లాగేసేవారు. ఆ అరగంటలో పేట దాకా వచ్చేది ఏమీ లేదు.

ముందు కూర్చున్నావిడ మరియమ్మ గారు. లూథరన్ చర్చి స్త్రీల సంఘానికి పెద్ద, నాట్ల ముఠాకు మేస్త్రి.

"మా వంతు గాలి వచ్చిందండి సూపర్‌వైజర్ గారూ. బిందెల నిండా పట్టుకున్నాం. చూస్తారా?" అని తన బిందె నా ముందు బోర్లించింది.

వెనక అందరూ నవ్వారు గానీ ఒక్కరూ లేవలేదు. నీమా ముందుకొచ్చి క్షమించమంది.

"నీది ఏ ఊరమ్మా?"

"టాంజానియా అండి."

"అక్కడ చేతులెత్తితే నీళ్ళొస్తాయా?"

"రావండి. మా అమ్మ తెల్లారకముందే బకెట్టు పెట్టుకుని లైన్లో నిలబడేది."

"మరి తెలిసే చేశావన్నమాట," అంది మరియమ్మ గారు.

బోర్లించిన బిందెను నీమా తీసి నిలబెట్టింది.

పని ఆగింది. ఫిల్టరు తెరిచి, ఇసుక సగం తీసి, అటూ ఇటూ కాని స్థితిలో ఉంది. నేను ఫోన్ చేస్తే ప్రిన్సిపాల్ గారు సూటిగా అడిగారు: లీడరును మార్చమంటారా? మధ్యాహ్నం లోపు చెప్పమన్నారు. మార్చితే వచ్చే ఏడు నుంచి పాత పద్ధతే అని కూడా అన్నారు. అంటే ఆ మధ్యాహ్నం నేను చెప్పే మాట నీమా ఒక్కదానికే కాదు, ఆమె తర్వాత రావలసిన బయటి పిల్లలందరికీ వర్తిస్తుంది. ఊరి సంగతి చూస్తే, గొడవ ముదిరితే కాలువ కట్టే నాటికి ఫిల్టరు తయారు కాదు.

సత్తిబాబును పక్కకు పిలిచి, బాధ్యత తీసుకుంటావా అని అడిగాను. సంతోషపడతాడనుకున్నాను.

"నన్ను లీడర్ని చేస్తే ఆళ్ళు లేస్తారేంటి సార్? ఆళ్ళు కూర్చుంది నీళ్ళకి. నీమా మీద కోపానికి కాదు," అన్నాడు.

తర్వాత అడగకుండానే చెప్పాడు. వాళ్ళ పొలం శివారు పొలం, కాలువ చిట్టచివర ఉంటుంది. కాలువలో నీళ్ళు తక్కువైన ఏడు వాళ్ళ వైపు వంతులు వేస్తారట. మొదటి వంతు ఎప్పుడూ శివారుకే. చివరి బోదె తడిశాకే పైవాళ్ళు తూము ఎత్తాలి. పైవాడికి ఎప్పుడైనా అందుతుంది, కిందవాడికి ముందు ఇస్తేనే అందుతుంది. కుళాయిలకూ అంతే చేయొచ్చు, వీధికో వాల్వు ఉంది కదా అన్నాడు.

నీమా మా వెనకే నిలబడి విన్నది.

"ఇది మీటింగులో ఎందుకు చెప్పలేదు సత్తీ?"

"నువ్వు చేతులెత్తమన్నావు. చెప్పమన్లేదుగా."

ఆ అమ్మాయికి కోపం వచ్చింది. అది ముఖంలో తెలిసింది. తర్వాత, "సరే. ఇప్పుడు చెప్పమంటున్నా. వాల్వులు నీ చేతికి, ఇసుక నా చేతికి. నీళ్ళ విషయంలో నువ్వు చెప్పిందే నేను వింటా," అంది. సత్తిబాబు తల గోక్కుని, "ఇసుక దగ్గర నువ్వు చెప్పింది నేను వింటన్నానుగా ఎలాగూ," అన్నాడు. వాళ్ళిద్దరూ నవ్వుకోవడం అప్పుడే మొదటిసారి చూశాను. ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేసి, మార్చనక్కర్లేదండి అని చెప్పాను.

నీమా వెళ్ళి ఇసుక మీద మరియమ్మ గారి పక్కనే కూర్చుంది. రేపటి నుంచి మొదటి వంతు పేటదేనని చెప్పింది. మరియమ్మ గారు అంతా విని, "రేపటి సంగతి బాగుంది. ఇవాళ అన్నం ఏం పోసి వండాలి?" అంది. న్యాయమైన ప్రశ్న. మా కాలేజీకి సొంత నీటి ప్లాంటు, అయిదు వేల లీటర్ల ట్యాంకరు ఉన్నాయి. నీమా నా వైపు చూసింది. ప్లాంటు రోజుకు తీసేదంతా హాస్టలుకే సరిపోతుంది, మిగులు లేదని చెప్పాను. అయితే హాస్టల్లో ఉండేది సుమారు అయిదువందల మంది. తలకు పది లీటర్లు, అంటే అరబకెట్టు తగ్గించుకుంటే రోజుకొక ట్యాంకరు వస్తుంది. ఆ లెక్క కూడా చెప్పాను. ఫిల్టర్ల పని అయ్యేదాకా పన్నెండు ట్యాంకర్లు పంపుతామని నీమా మాటిచ్చింది. హాస్టల్ని ఇంకా అడగకుండానే ఇచ్చింది.

ఆ మధ్యాహ్నం మెస్సులో అడిగింది. ఈసారి చేతులెత్తమనలేదు. ఒక్కో బల్ల దగ్గరికీ వెళ్ళి, అరబకెట్టు తగ్గితే మీకు ఏది కష్టమని అడిగింది. సూడాన్ పిల్లలు నమాజుకు ముందు కడుక్కునే నీళ్ళు మాత్రం ముట్టుకోవద్దు, స్నానం నీళ్ళు ఎంతైనా తగ్గించుకోండి అన్నారు. నేపాల్ పిల్లలు ఫుట్‌బాల్ బట్టలు వారానికోసారి ఉతుక్కుంటామన్నారు. మరి ఆ బట్టల కంపులో వాళ్ళ గదిలో ఎవరుంటారని బీహార్ కుర్రాళ్ళు అడిగారు. పేచీ పెట్టింది మన గోదావరి పిల్లలే. "రెండు పూటలా స్నానం లేకపోతే ఎలా అండి, ఉక్కపోత కదా," అన్నారు. "రెండు పూటలా చెయ్యండిరా, రెండూ కలిపి ఒక బకెట్టు," అన్నాడు సత్తిబాబు. మొదటి ట్యాంకరు ఆ సాయంత్రమే పేటకు వెళ్ళింది. ఇసుక గుట్ట ఖాళీ అయింది.

మర్నాడు వాల్వుల దగ్గర ఇంకో పరీక్ష. పై వీధి పెద్దమనిషి ఒకాయన బండి ఆపి, "ఏరా అబ్బాయ్, మండపేట నించొచ్చి మా ఊరి వాల్వు నువ్వు తిప్పుతున్నావేంటి?" అన్నాడు.

"మీరే తిప్పండి బాబాయ్ గారూ. రెంచి ఇదిగో. కాకపోతే పేట నుంచి మొదలెట్టాలండి," అని సత్తిబాబు రెంచి చాచాడు.

"శివారు వంతన్నమాట."

"అదేనండి. మీ పొలానికి ఎలాగో అలాగే."

ఆయన రెంచి తీసుకోలేదు, బండి ముందుకు పోనిచ్చాడు. ఆయన కూడా రైతే. పొలానికి ఒప్పుకున్న పద్ధతిని బిందెకు కాదనడం ఆ ఊళ్ళో ఎవరికీ కుదరలేదు. పేటవాళ్ళు నీళ్ళు పట్టుకున్నాకే పై వీధులకు వదలడం వల్ల మోటార్ల గొడవ కూడా దానంతట అదే సద్దుమణిగింది.

ఆ తర్వాత పని ఊపందుకుంది. పేట ఆడవాళ్ళు ఇసుక జల్లించడానికి వచ్చారు. నాట్ల ముఠాను నడిపినట్టే మరియమ్మ గారు మా పిల్లల్ని వరసకట్టి నడిపింది. మణిపూర్ కుర్రాడు ఒకడు తట్ట అందుకోవడంలో ఆలస్యమైతే, "బాబూ, నువ్వు ఫోనులో ఉన్నావా, ఫిల్టర్లో ఉన్నావా?" అని అడిగింది. పైన చెప్పిన సెల్‌ఫోను వాడిదే. మొదటి ఫిల్టరు తయారయ్యాక రెండోది ఆపాం. కొత్త ఇసుక మీద పొర నేను అనుకున్నదానికన్నా త్వరగా పట్టింది. ఎండ ముందే ముదరడం అందుకు సాయపడి ఉంటుంది. రెండు ఫిల్టర్ల నీళ్ళూ తాగడానికి పనికొస్తాయని ల్యాబ్ నుంచి ఫలితం వచ్చేసరికి కాలువలో నీళ్ళు ఇంకా పారుతూనే ఉన్నాయి. చెరువు గట్టు అంచుదాకా నింపుకున్నాం. ఆ రోజు మెస్సులో రెండుసార్లు పెరుగన్నం పెట్టించుకుని తిన్నాను. మార్చి నుంచి నాకు ఆకలి వేసింది అప్పుడే.

ఊరికి ఆ వేసవి నీళ్ళు సరిపోయాయి. మరుసటి ఏడు లీడరుగా నేపాల్ విద్యార్థిని ఎంచారు. ఈసారి డిప్యూటీ అన్న మాట తీసేసి, ఇద్దరికీ చెరొక పని పంచి ఇచ్చారు.

ఆ ప్రాజెక్టు వల్ల నాకు తెలిసింది ఇది. రకరకాల చోట్ల నుంచి వచ్చినవాళ్ళ మధ్య చేతులు లెక్కపెట్టడం చివరి పని. అంతకుముందు ఎవరి కుళాయి పైపులో ఎక్కడుందో చూడాలి, మాట్లాడనివాణ్ణి అడగాలి. కొరతను ఊరిమీద వేసేముందు నాయకుడు తన హాస్టలు నుంచి ఎంత తగ్గించగలడో లెక్క వేసుకోవాలి. ఇది ఏ దేశం పిల్లలైనా నేర్చుకోగలరు. అయితే పని మధ్యలోనే నేర్చుకుంటారు, ముందుగా కాదు. కాబట్టి ఇన్‌ఛార్జి అయినవాడు మొదటి తప్పుకే లీడరును మార్చకూడదు.

రెండో ఫిల్టరు త్వరగా సిద్ధం కావడంతో తొమ్మిదో ట్యాంకరు దగ్గర ఆపేశాను. ఆ సంగతి చెప్పడానికి పేటకు వెళితే మరియమ్మ గారు ఒప్పుకోలేదు.

"ఆ పిల్ల పన్నెండంది కదండీ."

"నీళ్ళు వచ్చేశాయి కదమ్మా."

"వచ్చాయి లెండి, కాదన్నానా? మిగతావి మీ దగ్గరే ఉంచండి. ఏ వేసవికి కావాలో నేనే కబురు పెడతాను."

ఇంతవరకూ కబురు రాలేదు. నేను దిగిపోయేటప్పుడు తర్వాతి సూపర్‌వైజరుకు ఆ సంగతి అప్పగించి వచ్చాను. పేటకు కాలేజీ నేటికీ బాకీ ఉన్నది మూడు ట్యాంకర్లు, పదిహేను వేల లీటర్లు.