అంకుల్ తుపాకి ఎవరి భుజానికి?

“మీ అంకుల్ లేస్తలేరు, జర వచ్చి చూడు” అని పక్కింటి ఆంటీ మా తలుపు కొట్టినప్పుడు ఇంకా పూర్తిగా తెల్లారలేదు. మంచులో చెప్పులు కూడా లేకుండా వచ్చారావిడ. నేను వెళ్ళి అంకుల్ చెయ్యి పట్టుకుని చూశాను. చల్లగా ఉంది. అంబులెన్స్ వాళ్ళు వచ్చి చెప్పేలోపే మా ఇద్దరికీ తెలిసిపోయింది. ఇది ఫిబ్రవరి మాట. అప్పట్నుంచి ఆయన గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చోవడం, ఓపిక లేక లేచిపోవడం, ఇదే పని.

అసలు ఆయన నాకు దగ్గరైందే నా ఓపిక అడుగంటిన రోజుల్లో. ఇక్కడ కెనడాలో, ఆఫీసుకని రోజూ ఓక్‌విల్ నుంచి టొరంటోకి ట్రైన్లో పడి పోవడం, రావడం. టీమ్‌లో సగం మందిని తీసేసి ఆ పని కూడా మా నెత్తిన పెట్టారు. శనివారం వస్తే సోఫాలో పడి గోడకేసి చూసేవాణ్ణి. అంకుల్ మార్కమ్‌లో ఏదో కంపెనీలో సాఫ్ట్‌వేర్ మేనేజర్‌గా చేసి రిటైరైన మనిషి, హైదరాబాద్ వారు. ఒకరోజు ఇంటి ముందు మంచు ఎత్తిపోస్తూ నా ముఖం చూసి, “ఏందయ్యా, గట్లయినవ్? రేపు నాతోని రా, మట్టి పళ్ళాలు పగలగొడదాం” అన్నారు.

అంటే క్లే షూటింగ్. ఊరి బయట పొలాల మధ్య ఒక క్లబ్. అరచేయంత నారింజ రంగు పళ్ళేన్ని మెషిన్ గాల్లోకి విసిరితే, అది కింద పడేలోపు షాట్‌గన్‌తో కొట్టాలి. అంకుల్ కొడితే పొడి పొడి అయ్యేది. నేను కొడితే దానికేమీ కాకపోగా, హాయిగా వెళ్ళి గడ్డిలో కూర్చునేది. అయినా ఆ చప్పుడుకి, ఆ చల్లగాలికి నా తలలో రొద కాసేపు ఆగింది. అందుకే ఆయన వెంటపడి కోర్సు చేశాను, లైసెన్సు తెచ్చుకున్నాను.

ఇక కొనడం. నాకు ఒక్కటే తుపాకి కావాలి. వేసవిలో క్లేకి అదే, ఆకులు రాలే కాలంలో అడవిలో గ్రౌస్ పిట్టల వేటకీ అదే. రెండోది తెస్తే మా ఆవిడ నన్నే ఇంట్లోకి రానివ్వదు. ఇంటర్నెట్టంతా గాలించి, భుజానికి దెబ్బ తక్కువని ఒక సెమీ ఆటోమేటిక్ ఎంచుకుని, మెచ్చుకుంటారని అంకుల్‌ని షాపుకి తీసుకెళ్ళాను. ఆయన దాని వంక చూడనే లేదు.

“తుపాకి తర్వాత. ముందుగాల నిన్ను చూడాలె. రెండు చేతులు చాపు. వేళ్ళ నడుమ గింత సందు పెట్టి గా గోడ మీది గడియారం చూడు. చూసినవా? ఇప్పుడు ఎడమ కన్ను మూయి.”

మూశాను. గడియారం మాయమైంది. అది తెరిచి కుడి కన్ను మూస్తే చక్కగా కనిపించింది.

“నీకు గురి చూసే కన్ను ఎడమది, తుపాకి పెట్టే భుజం కుడిది. ఇగ పళ్ళెమెట్ల పగులుతది? చిన్నప్పుడు ఎడమ చెయ్యివాటమా నీది?”

అవును. ఎడంచేత్తో ముద్ద ఎత్తితే నాయనమ్మ చేతి మీద ఒక్కటిచ్చేది. పలక మీద అక్షరాలూ కుడిచేత్తోనే దిద్దించారు. ఆ సంగతే అప్పటిదాకా నాకు గుర్తులేదు. అంకుల్ షాపు అదిరేలా నవ్వి, “మీ నాయనమ్మ చెయ్యి మార్పిచ్చింది గని కన్నును పట్టుకోలేకపోయింది” అన్నారు.

నేను ముచ్చటపడ్డ తుపాకి, కాల్చాక ఖాళీ తూటాని కుడివైపుకి విసురుతుంది. ఎడమ భుజం మీద పెట్టుకుంటే అది నా ముక్కు ముందు నుంచే పోతుంది. అందుకని దాన్ని పక్కనపెట్టించి, పైనొకటి కిందొకటి రెండు గొట్టాలుండి మధ్యలో విరిచి తూటాలు పెట్టే, తీసే రకం ఇప్పించారు. గొట్టం చివర బిగించే చోక్ మారిస్తే గుళ్ళు దగ్గరి పిట్టకి వెడల్పుగా, దూరంలో ఉన్న క్లేకి చిక్కగా పోతాయి. బరువు చూడ్డానికి మాత్రం తుపాకి నా చేతికిచ్చి, షాపతనితో హాకీ కబుర్లు మొదలుపెట్టారు. నా చెయ్యి లాగేదాకా ఆపలేదు. “క్లేకి బరువుంటే మంచిది, అడవిల తేలికుంటే మంచిది. నీకున్నది గవే భుజాలు. రెండిట్ల కొంచెం కొంచెం ఒదులుకో” అన్నారు. ఆ మాట తుపాకి దగ్గరే కాదు, నా ఉద్యోగం దగ్గరా పనికొచ్చింది.

అడవిలో ఆయన వేరే మనిషి. మాట్లాడరు. జేబులో పుట్నాలు, చిటికెడు నోట్లో వేసుకుంటూ నడుస్తారు. నా మొదటి గ్రౌస్ కాళ్ళ దగ్గర్నుంచే టపటపా లేచేసరికి నా పైప్రాణాలు పైనే పోయాయి. రెండు తూటాలూ చెట్లకి కొట్టాను. తిడతారనుకుంటే, “పోనీయ్, దానికీ ఇంటికాడ పనుంటది” అని ఇన్ని పుట్నాలు నా చేతిలో పోశారు.

ఆయన పోయాక ఆంటీకి వచ్చిపడ్డ చిక్కు ఆయన సొంత తుపాకీయే. ఆవిడకి లైసెన్సు లేదు, ఎక్కువ రోజులు ఇంట్లో ఉంచుకోకూడదు. “నువ్వు తీస్కపో. నీ దగ్గరుంటే ఆయన దగ్గరున్నట్టే” అన్నారు. నాకూ అదే కావాలి. చెప్పొద్దూ, ఇంకెవరి చేతుల్లోనైనా దాన్ని ఊహించుకుంటేనే కడుపు మండింది.

కానీ అంకుల్ పొట్టి మనిషి. తుపాకిలో భుజానికి ఆనే వెనక చెక్కని తన కొలతకి కోయించి, తన కుడి చెంపకి ఒదిగేలా వంపు పెట్టించుకున్నారు. నా ఎడమ భుజం మీద పెడితే బొటనవేలు ముక్కుకి గుద్దుకుంది. క్లబ్‌లో కాల్చి చూస్తే చెంప వాచింది, పళ్ళెం ఒక్కటీ పగల్లేదు. చెక్క తీసేసి కొత్తది వేస్తానన్నాడు షాపతను. అది తీసేస్తే ఇక అంకుల్‌ది ఏం మిగులుతుంది? పోనీ కాల్చకుండా బీరువాలో దాచుకుందామా అంటే, కొని వాడని వాళ్ళని చూసి ఆయన “దేవుని పటమా, దండం పెట్టుకోనీకి?” అనేవారు. చాలా రోజులు ఎటూ తేలలేదు. చివరికి ఆంటీ ముందు కూర్చుని, “నాకు సరిపోదాంటీ” అన్నాను.

ఆవిడ, “సరే. ఎవరు తీస్కపోతరో ఒక్కసారి నా కండ్లతోని చూడాలె” అన్నారు.

షాపతనే ఆ తుపాకి కొనడానికి ఒకావిడని చూసిపెట్టాడు. స్కూల్ బస్సు నడుపుతుంది, సుమారు అంకుల్ అంత ఎత్తు. ఏప్రిల్‌లో ఒక ఆదివారం ఆంటీని క్లబ్‌కి తీసుకెళ్ళాను. ఇన్నేళ్ళలో ఆవిడ అక్కడికి రావడం అదే మొదటిసారి. చలికి శాలువా మీద కోటు వేసుకుని, నేనిచ్చిన చెవి మూతల మీద మళ్ళీ చేతులు పెట్టుకుని నిలబడ్డారు. బస్సావిడ తుపాకి భుజానికెత్తింది. ఎక్కడా సర్దుకోలేదు, మెడ వంచలేదు. పళ్ళెం లేచింది, పేలింది, గాల్లోనే పొడి పొడి అయ్యింది. నాకు సంతోషంగానూ ఉంది, ఏడుపూ వచ్చింది.

“గీమెకు ఇయ్యి” అన్నారు ఆంటీ.

తుపాకి విరవగానే ఎర్రటి ఖాళీ తూటా వెనక్కి ఎగిరి ఆంటీ కాళ్ళ దగ్గర పడింది. మెల్లగా వంగి తీసుకుని, “వెచ్చగున్నదిరా” అని గుప్పిట మూసుకున్నారు. ఆ చెయ్యి కోటు జేబులో పెట్టుకుని కారెక్కారు. దారంతా తియ్యలేదు. ఇంటి దగ్గర దిగాక కూడా, రెండో చేత్తోనే తాళం తీసుకుని లోపలికి వెళ్ళారు.